సున్నా వచ్చిన రాత్రి: బాసెల్ యూరోవిజన్ టికెట్ల కోసం మేం పడ్డ తిప్పలు

మేముండేది స్విట్జర్లాండ్‌లోని బాసెల్లో. 2025 మే నెలలో యూరోవిజన్ పాటల పోటీ మా ఊళ్ళోనే జరిగింది. ముందే చెప్పేస్తాను, అసలు హాల్లో మాకు సీటు దొరకలేదు. పక్కనున్న ఫుట్‌బాల్ స్టేడియంలో 36 వేల మంది మధ్య కూర్చుని తెర మీద చూశాం. టికెట్ల కోసం నాలుగు నెలలు తిరిగిన తిరుగుడు, మధ్యలో పోగొట్టుకున్న డబ్బు, ఆ రాత్రి జరిగింది, అన్నీ వరసగా రాస్తున్నాను. ఎప్పుడైనా యూరోవిజన్ చూడటానికి వెళ్దామనుకునే మనవాళ్ళు ఎవరైనా ఉంటే పనికొస్తుంది.

యూరోవిజన్ అంటే ఏంటని మా అమ్మ అడిగితే ఫోన్లో ఇలా చెప్పాను: దేశానికో పాట, అందరికీ ఒకటే స్టేజి, ఒక దేశం పాటకు మిగతా దేశాలు మార్కులేస్తాయి. "మన దేశం లేదా?" అంది. లేదన్నాను. "మరి నీకెందుకురా అంత హడావిడి?" అంది. సమాధానం చెప్పలేదు.

నిజానికి 2024 మే 11 రాత్రి వరకు నాకూ పెద్దగా పట్టేది కాదు. ఆ రోజు స్వీడన్‌లోని మాల్మోలో ఫైనల్. నేను సోఫాలోనే నిద్రపోయాను. అర్ధరాత్రి దాటాక మా అమ్మాయి తట్టి లేపి "నాన్నా, మనం గెలిచాం" అంది. నిద్రమత్తులో ఐపీఎల్ అనుకున్నాను. కళ్ళు నులుముకుని చూస్తే టీవీలో నెమో, ఇక్కడికి దగ్గర్లోని బీల్ ఊరి కుర్ర గొంతు, 591 పాయింట్లు. చేతికిచ్చిన ట్రోఫీ స్టేజి మీదే విరిగిపోయింది. అదే సమయానికి కింది ఫ్లోర్ నుంచి ఓ కేక. రాత్రి పది తర్వాత మిక్సీ వేస్తే మర్నాడు నోటీసు బోర్డు మీద చీటీ కనిపించే బిల్డింగ్ మాది. అలాంటిచోట ఆ కేక వేసింది కింద ఒంటరిగా ఉండే పెద్దావిడ.

మా బిల్డింగ్‌లో వాషింగ్ మెషిన్ బేస్‌మెంట్‌లో ఉంటుంది, ఇంటికో రోజు. మాది సోమవారం. ఆ సోమవారం ఆవిడ ఆరేసిన దుప్పట్లు తీసుకోవడానికి వచ్చి, నేను బట్టలు వేస్తుంటే పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. డెబ్బై అయిదేళ్ళుంటాయి. మా అమ్మాయి ఆవిడను ఓమా అంటుంది, జర్మన్‌లో అమ్మమ్మ అని. నాది ఆఫీసు జర్మన్, ఆవిడది బాసెల్ జర్మన్, మధ్యలో మా అమ్మాయి తర్జుమా. మెషిన్ ఒక రౌండ్ తిరిగేలోపు నాకు స్విట్జర్లాండ్ యూరోవిజన్ చరిత్ర మొత్తం అప్పజెప్పేసింది.

అసలీ పోటీ మొదలైందే ఇక్కడట. 1956లో, లుగానోలో. ఏడు దేశాలు, దేశానికి రెండేసి పాటలు. గెలిచింది ఇక్కడి అమ్మాయే, లీస్ ఆసియా. ఎవరెన్ని మార్కులేశారో అప్పుడు చెప్పలేదు, ఇప్పటికీ బయటికి రాలేదు. "బ్యాంకుల దేశం కదా, లెక్కలు దాచడం మాకు కొత్తా?" అని నవ్వింది. తర్వాత మళ్ళీ గెలవడానికి 32 ఏళ్ళు పట్టింది. 1988, డబ్లిన్. ఆఖరి దేశం మార్కులు చెప్పేముందు బ్రిటన్ అయిదు పాయింట్లు ముందుంది. ఆ ఆఖరి దేశం యుగోస్లావియా. స్విట్జర్లాండ్‌కు ఆరు వేసింది, బ్రిటన్‌కు ఏమీ వేయలేదు. 137, 136. ఆవిడ ఆ రాత్రి ఇస్త్రీ చేస్తూ చూస్తోందట, చొక్కా కాలిపోయిందట. పాడింది అప్పటికి ఇరవై ఏళ్ళ సెలీన్ డియాన్. ఆమె కెనడా మనిషి. బాణీ కట్టినాయన టర్కీలో పుట్టి ఇక్కడికి వచ్చి స్థిరపడినాయన. నేను తల పైకెత్తి చూశాను. "అవును, బయటివాళ్ళే గెలిపించారు" అంది, ఉప్మాలో ఉప్పు తక్కువైంది అన్నంత మామూలుగా.

ఆ తర్వాత 36 ఏళ్ళ కరువు. ఆవిడ సున్నాలు వేళ్ళ మీద లెక్కపెట్టింది: 1964, 1967, 1998. 2004లో అయితే సెమీఫైనల్లోనే సున్నా. 2015 నుంచి నాలుగేళ్ళు వరసగా ఫైనల్ గడప తొక్కలేదు. గెలుపులకంటే సున్నాలే ఆవిడకు బాగా గుర్తు. ఇలాంటి వాళ్ళు నాకు తెలుసు, మా నాన్న ఇండియా ఓడిపోయిన మ్యాచ్‌లు అలా చెబుతారు.

గెలిచిన దేశమే మరుసటి ఏడాది పోటీ జరపాలి. 2024 ఆగస్టు 30న బాసెల్ అని ప్రకటించారు. చివరిదాకా పోటీపడింది జెనీవా. అక్కడుండే నా ఫ్రెండ్ రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు. ఈలోపు ఒక చిన్న పార్టీ సంతకాలు సేకరించి ఇంత ఖర్చు అవసరమా, జనాన్నే అడగండని పట్టుబట్టింది. ఖర్చు 3 కోట్ల 75 లక్షల ఫ్రాంకులు, రూపాయల్లో మూడు వందల కోట్లకు పైమాటే. పాటల పోటీకి రెఫరెండం ఏంటని మా ఆఫీసులో ఇండియన్లందరం నవ్వుకున్నాం. కానీ ఓటు కవర్లు వచ్చిన రోజు నవ్వు రాలేదు. మెయిల్‌బాక్సులన్నీ ఒకే వరసలో ఉంటాయి. పక్కింటివాళ్ళ డబ్బాల్లోంచి లావుపాటి కవర్లు తొంగిచూస్తున్నాయి, మా డబ్బాలో సూపర్‌మార్కెట్ ఆఫర్ల కాగితం. తొమ్మిదేళ్ళుగా ట్యాక్సులు కడుతున్నా పౌరసత్వం లేకపోతే ఓటు లేదు. నవంబర్ 24న మూడింట రెండొంతుల మంది సరేనన్నారు. ఓమా ముందే చెప్పింది, "నా ఓటు మీ అమ్మాయి తరఫున వేశాను" అని.

ఇక టికెట్లు. ఇక్కడ కొంచెం నెమ్మదిగా చెప్తాను, ఎందుకంటే మేం తప్పులు చేసింది ఇక్కడే.

మొదటి విషయం, ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోకపోతే కొనడానికే వీల్లేదు. జనవరిలో అది చేశాం. నా పేరుతో ఒక్కటే చేశాను, అది తప్పు. ఇంట్లో పెద్దవాళ్ళందరి పేర్లతోనూ చేసుకోవాలి. రెండో విషయం, టీవీలో కనిపించేవి మూడు షోలే, కానీ హాల్లో జరిగేవి తొమ్మిది. రెండు సెమీఫైనల్స్‌కీ, ఫైనల్‌కీ ఒక్కోదానికి లైవ్ షో కాకుండా ముందురోజు రాత్రి ఒకటి, ఆ రోజు మధ్యాహ్నం ఒకటి. అవే పాటలు, అవే లైట్లు, అవే బట్టలు. ఫలితాలు మాత్రం ఉత్తుత్తివి. ఫైనల్‌కి ప్రతి దేశం నుంచి జడ్జీలు వేరే, జనం వేరే మార్కులేస్తారు. జడ్జీలు వేసేది ముందురోజు రాత్రి షో చూసే. ఇది నాకు జనవరి 29 ఉదయం దాకా తెలియదు. తెలిసుంటే ఫైనల్ లైవ్ కోసం పాకులాడేవాడిని కాదు, మధ్యాహ్నం షోకి ప్రయత్నించేవాడిని.

జనవరి 29 బుధవారం, మొదటి విడత. ఆఫీసులో మీటింగ్ కెమెరా ఆపేసి కూర్చున్నాను. ఇంట్లో మా ఆవిడ ఇంకో లాప్‌టాప్‌లో, నా లాగిన్‌తోనే. వెయిటింగ్ రూమ్ తెరుచుకుంది. చిన్న బొమ్మ మనిషి గీత మీద నడుస్తుంటాడు, కింద మన ముందు ఎంతమంది ఉన్నారో కనిపిస్తుంది. ఐదంకెల సంఖ్య. మా ఆవిడ ఫోన్ చేసి "నాది నీకంటే వెయ్యి తక్కువ ఉంది" అంది. తిరుమల కంపార్ట్‌మెంట్లో కూర్చున్నట్టే ఉంది, కాకపోతే ఇక్కడ పాలూ ఉప్మా ఇవ్వరు. నా బొమ్మ గీత చివరికి వచ్చేసరికి ఎర్ర అక్షరాలు: అమ్ముడైపోయాయి. ఒకే లాగిన్ రెండు చోట్ల వాడినందుకు మా ఆవిడను మధ్యలోనే బయటికి తోసేసిందని తర్వాత తెలిసింది. ఆ రాత్రి ఇంట్లో ఎవరం సరిగ్గా మాట్లాడుకోలేదు. పాప అన్నం తినకుండా పడుకుంది.

తర్వాతి విడతలోనూ అంతే. ఈసారి బండి పేమెంట్ పేజీ దాకా వెళ్ళింది. బ్యాంకు యాప్‌లో ఓకే నొక్కమంది. నా ఫోన్ చార్జింగ్‌లో పక్క గదిలో ఉంది. పరిగెత్తి తెచ్చేలోపు టైమర్ అయిపోయింది. దీనికి ఎవర్నీ అనలేను.

ఇప్పుడు చెప్పేది మా ఆవిడకు ఇంకా తెలియదు. ఇది చదివి తెలుసుకుంటుంది, తర్వాత సంగతి తర్వాత. మార్చిలో ఒక సెకండ్‌హ్యాండ్ సైట్లో ఒకతను ఫైనల్ టికెట్లు రెండున్నాయన్నాడు. స్క్రీన్‌షాట్ పంపాడు. ఊరు బాసెలేనన్నాడు, మాటతీరు మర్యాదగా ఉంది. 150 ఫ్రాంకులు అడ్వాన్స్ పంపాను. మిగతాది కలిసినప్పుడు అన్నాడు. బాంకెన్‌ప్లాట్జ్ దగ్గర శనివారం పదకొండింటికి అన్నాడు. నలభై నిమిషాలు నిలబడ్డాను. నాతోపాటే ఇంకో కుర్రాడు కూడా అటూ ఇటూ చూస్తూ ఫోన్ చెక్ చేసుకుంటున్నాడు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అతనూ అదే మనిషికి రెండు వందలు పంపాడు. కాఫీ తాగి విడిపోయాం, బిల్లు అతనే కట్టాడు.

స్టేడియం టికెట్లు దొరకడం మాత్రం సులువుగానే జరిగింది. హాల్లో చోటు చాలదని, ఆ పక్కనే ఉన్న సాంక్ట్ యాకోబ్ పార్క్‌లో ఫైనల్ రాత్రి పెద్ద తెరలు, లైవ్ పాటలు పెట్టారు. ఈ ఊరివాళ్ళు ఆ స్టేడియాన్ని ముద్దుగా జోగ్గెలి అంటారు. ఈసారి ముగ్గురం మూడు పేర్లతో, ఫోన్లు చేతిలో పెట్టుకుని కూర్చున్నాం. పన్నెండు నిమిషాల్లో అయిపోయింది. ముగ్గురికీ కలిపి రెండు వందల ఫ్రాంకులు దాటింది. తెర మీద చూడటానికి ఇరవై వేలా అని మా చెల్లి తెనాలి నుంచి నోరెళ్ళబెట్టింది.

మార్చి 5న ఈ దేశం తరఫున పాడేది జోయె మే అని ప్రకటించారు. పుట్టింది బాసెల్లోనే. పాట ఫ్రెంచిలో. ఓమా రెండుసార్లు విని, "మంచి పాట. జనం ఓటెయ్యరు" అంది. నేను కొట్టిపారేశాను.

మే 11 ఆదివారం మార్కెట్ దగ్గరి ఎర్ర టౌన్‌హాల్ నుంచి నడి వంతెన మీదుగా మెస్సె (ఎగ్జిబిషన్ హాళ్ళు) దాకా నీలిపచ్చ తివాచీ పరిచారు. పాత ట్రాముల్లో గాయకులు ఊరేగుతూ వెళ్ళారు. ఇది ఉచితం, టికెట్ అక్కర్లేదు. వంతెన మీద మధ్యాహ్నం నుంచే నిలబడితే ముందు వరస దొరుకుతుంది. ఎండ మొహాన కొడుతుంది, టోపీ తీసుకెళ్ళండి. నీళ్ళు కొనక్కర్లేదు, ఇక్కడి వీధి ఫౌంటెన్లలో వచ్చేవి తాగే నీళ్ళే. జోయె మే మా ముందు నుంచి వెళ్తూ చెయ్యూపింది. మా అమ్మాయి తనకే ఊపిందని ఇప్పటికీ వాదిస్తుంది.

మే 13న మొదటి సెమీఫైనల్ ఇంట్లోనే ఓమాతో కలిసి చూశాం. సెలీన్ డియాన్ వస్తుందని నెలల తరబడి పుకార్లు. వీడియో సందేశం మాత్రమే వచ్చింది. ఆమె 1988 పాటను వేరే దేశాల గాయకులు నలుగురు పాడారు. ఓమా ఏమీ అనలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. యాంకర్లలో ఒకామెను చూపించి, ఈమె 1991లో రోమ్‌లో మన తరఫున పాడి అయిదో స్థానంలో వచ్చిందని చెప్పింది. సాండ్రా స్టూడర్.

ఇక ఓట్ల సంగతి. ఎవరి దేశానికి వాళ్ళు ఓటెయ్యకూడదు. అంటే స్విస్ సిమ్‌తో జోయె మేకు ఓటు పడదు. మా బావమరిది స్టుట్‌గార్ట్‌లో ఉంటాడు, అతను జర్మనీ ఫోన్ నుంచి వేస్తానన్నాడు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: పోటీలో లేని దేశాల వాళ్ళు కూడా ఆన్‌లైన్‌లో కార్డుతో ఓటెయ్యొచ్చు. వాళ్ళందరి ఓట్లూ కలిపి ఒక దేశం కింద లెక్క. అప్పుడు ఒక్కో ఓటుకు దాదాపు వంద రూపాయలు. మా చెల్లికి చెప్పాను. "అన్నయ్యా, అర్ధరాత్రి పన్నెండున్నరకి లేవాలా?" అంది. లేచింది పాపం. కార్డు పనిచెయ్యలేదు. బ్యాంకు యాప్‌లో ఇంటర్నేషనల్ లావాదేవీలు ఆన్ చేసుకోవాలని గుర్తొచ్చేసరికి ఒంటి గంట దాటింది. మీరెవరైనా ఇండియా నుంచి వేయిస్తుంటే ఇది ముందురోజే చూసుకోమనండి. మొత్తానికి పది ఓట్లు వేసింది.

మే 17 శనివారం. పద్నాలుగో నంబర్ ట్రాములో ఊపిరాడలేదు. గేటు దగ్గర మొదటి ఎదురుదెబ్బ పులిహోర డబ్బా. బయటి తిండి లోపలికి రానివ్వరు, బ్యాగు కూడా ఏ4 కాగితం సైజు దాటకూడదు. పారెయ్యడానికి మా ఆవిడ ఒప్పుకోలేదు. గేటు పక్కన నిలబడి ముగ్గురం తినేశాం. పక్కన ఆవిరిస్నానం టోపీలు పెట్టుకున్న స్వీడన్ అభిమానులు ఇద్దరు చూస్తుంటే వాళ్ళకూ పెట్టాం. ఒకడు ఎండుమిర్చి కొరికి, మిగిలిన లైనంతా నీళ్ళ కోసం వెతుక్కున్నాడు.

గేటు దాటగానే పసుపు రంగు ఇయర్‌ప్లగ్గులు ఉచితంగా చేతిలో పెట్టారు. శబ్దం ఒక హద్దు దాటే షోల్లో అవి ఇచ్చి తీరాలని ఇక్కడ రూలు. నవ్వుకుంటూ జేబులో వేసుకున్నాను. ముందు జరిగిన కచేరీలో క్రొయేషియా గాయకుడు బేబీ లసాన్యా వచ్చాక నేనే తీసి పెట్టుకున్నాను. సీట్లు ప్లాస్టిక్‌వి, రాత్రి తొమ్మిది దాటాక చలి. మే నెల కదా అని స్వెటర్ తేలేదు. చేసిన పొరపాట్లలో అదొకటి.

జోయె మే పాట మొదలైనప్పుడు ఆ స్టేడియం చూడాల్సింది. డాన్సర్లు లేరు, మంటలు లేవు. ఆమె, కెమెరా. అంతే. ఒకే షాట్‌లో పాట మొత్తం. వేల ఫోన్ లైట్లు వెలిగాయి, ఒక్కరూ అరవలేదు. ఫుట్‌బాల్ స్టేడియంలో నేనెప్పుడూ అంత నిశ్శబ్దం వినలేదు. మా అమ్మాయి నా చేతిని గట్టిగా పట్టుకుంది.

అర్ధరాత్రి దాటాక మార్కులు. ముందు జడ్జీలవి, దేశం తర్వాత దేశం. స్విట్జర్లాండ్‌కు 214. 37 దేశాల పోటీలో ఆస్ట్రియా తర్వాత రెండో స్థానం. స్టేడియం ఊగిపోయింది. నా పక్కన కూర్చున్నాయన, సాయంత్రం నుంచి ఒక్క మాట మాట్లాడని మనిషి, నన్ను కౌగిలించుకున్నాడు.

తర్వాత జనం మార్కులు. జడ్జీల దగ్గర తక్కువ వచ్చినవాళ్ళవి ముందు చెబుతారు. కాబట్టి మనది చివరి నుంచి రెండోది. దాదాపు అందరివీ అయిపోయాయి. 357తో ఇజ్రాయెల్ పైన ఉంది. దాన్ని దాటాలంటే మనకు కావాల్సింది 144. నేను మనసులో కూడికలు చేస్తున్నాను: బావమరిది, చెల్లి, జర్మనీ, ఫ్రాన్స్. తెర మీద జోయె మే మొహం. అప్పుడు చెప్పారు. సున్నా.

మొదట ఎవరికీ అర్థం కాలేదు. నాకూ కాలేదు. తప్పు చదివారేమో అనుకున్నాను. "మనకి సున్నానా?" అని గట్టిగానే అన్నాను, తెలుగులో. పక్కనాయన నా వైపు చూసి తలూపాడు, భాష తెలియకపోయినా. తర్వాత వెనక వరసల్లోంచి చప్పట్లు మొదలయ్యాయి. తెర మీద ఆమె నవ్వడానికి ప్రయత్నిస్తోంది. చప్పట్లు పెరిగాయి. ఆ వెంటనే ఆస్ట్రియాకు 178 వచ్చి, 436తో ఆ దేశం గాయకుడు జేజే గెలవడం అన్నీ జరిగిపోయాయి, నేను సరిగ్గా చూడలేదు. మా అమ్మాయి ఏడుస్తోంది. మనం పదో స్థానం.

ట్రాము దొరికేసరికి రెండు దాటింది. మా బిల్డింగ్‌లో ఒక్క కిటికీలోనే లైటు వెలుగుతోంది, కింది ఫ్లోర్‌లో. తలుపు తట్టలేదు.

సోమవారం బేస్‌మెంట్‌లో ఓమా స్టూలు లాక్కుని కూర్చుంది. "చెప్పానా?" అంటుందని సిద్ధపడి వెళ్ళాను. అనలేదు. సున్నా అంటే ఎవరూ ఓటెయ్యలేదని కాదు, అని మొదలుపెట్టింది. ప్రతి దేశంలో ఎక్కువ ఓట్లు వచ్చిన పది పాటలకే పాయింట్లు. పదకొండో స్థానంలో ఉంటే ఎన్ని వేల ఓట్లు పడినా ఏమీ రాదు. అన్ని దేశాల్లోనూ పదకొండో, పన్నెండో అయ్యుంటుంది. అంటే మా చెల్లి రాత్రి ఒంటి గంటకు వేసిన పది ఓట్లు ఆ సున్నాలోనే ఎక్కడో ఉన్నాయి. ఇది చెబుదామని తెనాలికి ఫోన్ చేస్తే, "వెయ్యి రూపాయలు అన్నావ్, కార్డు వాళ్ళు చార్జీలు కూడా పట్టారు, ముందు అది పంపు" అంది.

మెషిన్ ఆగాక బట్టలు తీస్తుంటే నా ప్యాంటు జేబులోంచి పసుపు ఇయర్‌ప్లగ్ ఒకటి రాలిపడింది. రెండోది డ్రమ్ములో దొరకలేదు. ఓమా వంగి, రబ్బరు అంచు మడత వెనక్కి తిప్పి, అక్కడ ఇరుక్కున్నదాన్ని రెండు వేళ్ళతో లాగి నా చేతిలో పెట్టింది. తర్వాత తన క్యాలెండర్ తీసి, వచ్చే మే నెలలో మా సోమవారాలు ఏ తేదీల్లో పడతాయో చూడటం మొదలుపెట్టింది.